కొవ్వు ఎవరికి పట్టింది? కొలెస్ట్రాల్ చరిత్రలో మన చోటు

(మన ఒళ్ళు - మన చరిత్ర: 9వ భాగం)



తెలుగులో కొవ్వు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నిఘంటువులో దొరుకుతుంది. రెండోది ఊళ్ళో దొరుకుతుంది. చెప్పులేసుకుని ఊరి నడిమధ్య నుంచి నడిచిన పిల్లాణ్ణి చూసి "వీడికి కొవ్వెక్కిందిరా" అంటారు. కూలి పెంచమని అడిగిన ఆడమనిషిని "ఒళ్ళు కొవ్వెక్కి మాట్లాడుతోంది" అంటారు. "కొవ్వు కరిగిస్తాం" అన్న తరవాత ఏం జరుగుతుందో మన పల్లెలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట పడినవాళ్ళ ఒంటి మీద వేళ్ళతో పట్టుకుందామన్నా కొవ్వు దొరకదు. క్లాసులో అర్థవిపరిణామం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ మాటనే ఉదాహరణగా తీసుకుంటాను.

ఈ భాగం మొదటి అర్థం గురించి. అంటే నెత్తుట్లో ఉండే కొవ్వు లాంటి పదార్థం, కొలెస్ట్రాల్ గురించి. కానీ మన విషయంలో రెండో అర్థం మొదటి అర్థాన్ని ఒంటరిగా వదలదు. ఆసుపత్రి దాకా వెంట వస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది.

1

2013 వేసవి. మా నాయన గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. వయసు 52. మిర్చి టిక్కీ వీపు మీద ఉండగానే కూలబడ్డాడు. తోటి హమాలీలు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది. ఆ మేలు మర్చిపోను.

ఇంటికి పంపే రోజు డాక్టరు కాగితాలు తిరగేశాడు. "ఏం తింటారు?" అని అడిగాడు. మేం నోరు తెరిచేలోపే మా పేట పేరు చూసి, "పెద్దకూర బాగా తింటారు కదా, అందుకే ఇది. మానెయ్యమనండి" అన్నాడు. అంతే. చీటీలో ఐదు రకాల మాత్రలున్నాయి. ఏది ఎందుకో, ఎన్నాళ్ళు వేసుకోవాలో చెప్పడానికి ఆయనకు తీరిక లేకపోయింది. తిండి గురించి తీర్పు చెప్పడానికి మాత్రం తీరిక దొరికింది.

ఆ మాట ఇద్దరం విన్నాం. నాయన దాన్ని తప్పుగా మోశాడు, నేను అవమానంగా మోశాను. అంతకు ముందు ఏడాదే, 2012 ఏప్రిల్‌లో, ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. దాని మీద జరిగిన వాదాలన్నీ నా నాలుక చివర ఉన్నాయి. ఆ రాత్రి నాయన మంచం పక్కన కూర్చుని మన తిండి మన హక్కని చాలాసేపు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఇంట్లో తీగ మీద ఎండుతున్న తునకల్ని అమ్మతో తీయించేశాడు. రెండు నెలలకు మాత్రలు కూడా ఆపేశాడు. "తినేదే మానేశాను గదా, ఇంక మందులెందుకు?" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. విని ఊరుకున్నాను. నా కోపమంతా డాక్టరు మీద ఉంది, నా చదువంతా కూర మీద ఉంది. అయిపోయిన మాత్రల అట్ట మీద ఏం రాసుందో ఒక్కసారైనా చదవలేదు. 2016లో రెండోసారి నొప్పి వచ్చింది. ఆసుపత్రి దాకా చేరలేదు.

మా ముగ్గురిదీ ఒకటే పొరపాటు. ముగ్గురం కొలెస్ట్రాల్‌ని పళ్ళెంలో వెతికాం. దాన్ని వెతకాల్సింది నెత్తుట్లో. ఈ తేడా తెలుసుకోవడానికి శాస్త్రానికే రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రను మనం ఎందుకు చదవాలో చెప్పడానికే మా ఇంటి సంగతి ముందు పెట్టాను.

2

కొలెస్ట్రాల్ మొదట దొరికింది గుండెలో కాదు, పిత్తాశయంలో. 18వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్సులో పిత్తాశయపు రాళ్ళను పరీక్షించినవాళ్ళకు తెల్లగా మెరిసే మైనం లాంటి పదార్థం కనిపించింది. 1815 ప్రాంతంలో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అది మామూలు కొవ్వు కాదని తేల్చాడు. మామూలు కొవ్వును క్షారంతో ఉడికిస్తే సబ్బవుతుంది. ఇది కాలేదు. గ్రీకులో పిత్తానికి ఒక మాట, గట్టిదానికి ఒక మాట కలిపి దానికి పేరు పెట్టాడు. గట్టిపడిన పిత్తం అన్నమాట. అంటే ఊరంతా కొవ్వు అని తిట్టే ఈ వస్తువు రసాయన శాస్త్రం లెక్కన మామూలు కొవ్వే కాదు.

తరవాతి నూరేళ్ళలో అది ఒంట్లో లేని చోటు లేదని తెలిసింది. ప్రతి కణానికీ చుట్టూ పలచటి గోడ ఉంటుంది. ఆ గోడ మరీ పలచనైపోకుండా, మరీ బిరుసెక్కకుండా చూసేది కొలెస్ట్రాలే. తిన్న నూనెను అరిగించే పిత్తరసంలోని ఆమ్లాలు దాని నుంచే తయారవుతాయి. ఎండలో నిలబడితే చర్మంలో విటమిన్ డి పుట్టేది కొలెస్ట్రాల్ కుటుంబానికే చెందిన పదార్థం నుంచి. మగతనపు, ఆడతనపు హార్మోన్లు, ఒత్తిడిని తట్టుకునే కార్టిసాల్ కూడా దాని నుంచే వస్తాయి. ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతం. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాని వాటా దాదాపు 20 శాతం. తల్లిపాలలో కూడా కొలెస్ట్రాల్ ఉంటుంది.

ఇంత అవసరమైన దాన్ని ఒళ్ళు తిండికి వదిలేయదు. తనే రోజుకు సుమారు ఒక గ్రాము దాకా తయారు చేసుకుంటుంది. కాలేయం ఇందులో పెద్ద చెయ్యి. మామూలుగా తిండి నుంచి వచ్చేది ఇందులో మూడో వంతు లోపే. తిండిలో ఎక్కువ వస్తే చాలామందిలో కాలేయం తన ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ముద్ద పప్పన్నం తప్ప మరేమీ ముట్టని మనిషి ఒంట్లో కూడా ఈ పని ఆగదు. ఈ తయారీ మెట్టుమెట్టుగా ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు కొన్రాడ్ బ్లాక్, ఫియొడోర్ లైనెన్‌లకు 1964లో నోబెల్ ఇచ్చారు.

3

మరి దానికి చెడ్డపేరు ఎక్కడ వచ్చింది? రక్తనాళాల్లో.

1910లో జర్మనీలో అడాల్ఫ్ విండౌస్, జబ్బుపడి గట్టిపడిన బృహద్ధమని గోడలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కొలెస్ట్రాల్ ఉందని చూపించాడు. 1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కోవ్, సెమ్యోన్ ఖలాతోవ్ అనే ఇద్దరు కోడిగుడ్డు పచ్చసొన నుంచి కొలెస్ట్రాల్ తీసి నూనెలో కలిపి కుందేళ్ళకు పెట్టారు. కొన్ని వారాల్లో వాటి రక్తనాళాలు మనుషుల రక్తనాళాల్లాగే పూడుకుపోయాయి. గొప్ప ప్రయోగం. కానీ కుందేలు పుట్టు శాకాహారి. పచ్చసొన దాని తాతముత్తాతలు చూడని తిండి. అదే తిండి ఎలకలకు పెడితే ఆ జబ్బు రాలేదు. నెత్తుట్లో కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగితే నాళాలు పూడుకుంటాయన్నది ఆ ప్రయోగం చెప్పిన నిజం. కొలెస్ట్రాల్ ఉన్నది తింటే చాలు, ప్రతి ప్రాణికీ అది పెరుగుతుందని అది రుజువు చేయలేదు. లోకం మాత్రం రెండోదాన్నే గుర్తుపెట్టుకుంది.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. గుండెజబ్బు రాత్రికి రాత్రి దేశం సమస్య అయింది. ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1958లో ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టాడు. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, గ్రీసు, యుగోస్లావియా, జపాన్. దాదాపు 12,700 మంది మగవాళ్ళు. ఆసియా నుంచి జపాన్ ఒక్కటే. ఆడవాళ్ళు లేరు. సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వులాగా చల్లబడితే పేరుకునే రకం, ఎక్కువ తినే చోట నెత్తుటి కొలెస్ట్రాలూ గుండెజబ్బులూ ఎక్కువని ఆయన వాదం. ఈ అధ్యయనం మీద విమర్శలు చాలా ఉన్నాయి. అయితే ఒకటి గమనించండి. తిండిలోని కొలెస్ట్రాల్ కన్నా తిండిలోని సంతృప్త కొవ్వే నెత్తుటి కొలెస్ట్రాల్‌ను ఎక్కువ పెంచుతుందని కీసే చెప్పాడు. అయినా 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తిండిలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని గీత గీసింది. గుడ్డు దోషి అయింది. దాదాపు యాభై ఏళ్ళ తరవాత, 2015-20 అమెరికా ఆహార మార్గదర్శకాల్లో ఆ 300 గీత తీసేశారు. సంతృప్త కొవ్వు మీది హద్దు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ గీత తీసేయడాన్ని చూపించి "కొలెస్ట్రాల్ అంతా మోసం, మందుల కంపెనీల కుట్ర" అని చెప్పే వీడియోలు మన గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి. తీసేసింది పళ్ళెంలోని కొలెస్ట్రాల్ మీది అంకెను. నెత్తుట్లోని కొలెస్ట్రాల్ మీద అభియోగం అలాగే ఉంది. పైగా ఈ యాభై ఏళ్ళలో అది బలపడింది.

4

ఎలా బలపడిందో చెప్పాలంటే మా నాయన పని గుర్తొస్తుంది.

కొలెస్ట్రాల్ నీళ్ళలో కరగదు. నెత్తురు ఎక్కువ భాగం నీళ్ళే. కాబట్టి దాన్ని ఎవరో ఒకరు మోయాలి. మోసేవాళ్ళను లైపోప్రొటీన్లు అంటారు. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో జాన్ గాఫ్మన్ నెత్తుటిని అతివేగంగా తిప్పే యంత్రంతో ఈ మోతగాళ్ళను బరువు ప్రకారం వేరు చేశాడు. వాళ్ళలో ఎల్‌డీఎల్ అనేది సరుకు మోసుకుని కణాల ఇళ్ళకు చేరుస్తుంది. హెచ్‌డీఎల్ మిగులు సరుకును వెనక్కి తెచ్చే పనిలో ఉంటుంది. మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం అనేది వీళ్ళనే. సరుకు ఒకటే, హమాలీలు వేరు.

ఎల్‌డీఎల్ చెడ్డది ఎప్పుడవుతుంది? దాన్ని లోపలికి తీసుకునే తలుపులు తక్కువైనప్పుడు. డాలస్‌లో జోసెఫ్ గోల్డ్‌స్టీన్, మైకేల్ బ్రౌన్ 1970లలో కనిపెట్టింది ఈ తలుపుల్నే. కొన్ని కుటుంబాల్లో పదేళ్ళు నిండని పిల్లలకు గుండెజబ్బు వచ్చేది. వాళ్ళ నెత్తుట్లో కొలెస్ట్రాల్ మామూలుకు ఎన్నో రెట్లు. ఆ పిల్లలు ఏం పాపం తిన్నారని? ఏమీ లేదు. వాళ్ళ కణాలకు పుట్టుకతోనే ఎల్‌డీఎల్‌ను లోపలికి పిలిచే తలుపులు లేవు. బస్తాలు దించుకునే ఇల్లు లేక మోతగాళ్ళు రోడ్డు మీదే నిలబడిపోతే రోడ్డు మూసుకుపోతుంది. రక్తనాళం గోడలోకి చొరబడి పేరుకునేది ఆ నిలిచిపోయిన సరుకే. ఈ పనికి 1985లో నోబెల్ వచ్చింది. అసలు కథంతా ఇక్కడ తిరిగింది. ఏం తిన్నావన్న ప్రశ్న పక్కన, నీ కాలేయం మీద తలుపులెన్ని అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. ఆ తలుపులు వంశాన్ని బట్టి, వయసును బట్టి, తిండిలోని సంతృప్త కొవ్వును బట్టి ఎక్కువ తక్కువలవుతాయి.

తలుపులు పెంచే మందు ఒక రైతుబిడ్డ చేతిలో దొరికింది. జపాన్ ఉత్తరాన అకితా ప్రాంతంలో పొలం పని చేసే ఇంట్లో పుట్టిన అకిరా ఎండో, టోక్యోలో ఒక మందుల కంపెనీలో చేరాడు. రెండేళ్ళలో ఆరు వేల పైచిలుకు బూజు రకాల్ని వడపోశాడు. క్యోటోలో ఒక ధాన్యం కొట్టులోని బియ్యం మీద పట్టిన నీలి బూజులో 1973లో ఆయనకు కావలసింది కనిపించింది. అది కణం లోపల కొలెస్ట్రాల్ వంటను ఆపుతుంది. ఇంట్లో వంట ఆగితే ఇల్లు తలుపులు ఎక్కువ తెరిచి బయటి సరుకు తీసుకుంటుంది. నెత్తుట్లో ఎల్‌డీఎల్ తగ్గుతుంది. స్టాటిన్ల పుట్టుక ఇది. మొదటి స్టాటిన్ లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద ఐదేళ్ళకు పైగా నడిచిన అధ్యయనం ఫలితం వచ్చింది. స్టాటిన్ తీసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి.

మా నాయన చీటీలో నాలుగో మందు పేరు అటోర్వాస్టాటిన్. ఈ పేరా రాస్తూ ఆ చీటీ ఎదురుగా పెట్టుకున్నాను.

5

ఇప్పుడు మనం తప్పకుండా చదవాల్సిన ఘట్టం.

గుండెజబ్బు గురించి ప్రపంచానికి తెలిసిందాంట్లో చాలా భాగం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరు నుంచి వచ్చింది. 1948లో అక్కడ 5,209 మందితో అధ్యయనం మొదలైంది. బీపీ, పొగతాగడం, కొలెస్ట్రాల్ గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరికలని అదే స్థిరపరిచింది. ఆ 5,209 మందీ దాదాపుగా తెల్లవాళ్ళే. నల్లవాళ్ళ గుండెల కోసం మిసిసిపీలోని జాక్సన్‌లో పెద్ద అధ్యయనం మొదలవడానికి 2000 సంవత్సరం రావాల్సి వచ్చింది.

అదే 2000లో డాలస్‌లో ఇంకో అధ్యయనం మొదలైంది. అందులో సగం మంది నల్లవాళ్ళు ఉండేలా చూశారు. హెలెన్ హాబ్స్, జోనాథన్ కోహెన్ ఆ నెత్తురు నమూనాల్లో వెతికారు. పీసీఎస్‌కే9 అనే ఒక ప్రొటీన్ ఉంది. అది ఎల్‌డీఎల్ తలుపుల్ని పీకేస్తుంది. నల్లజాతి వాళ్ళలో సుమారు 2 శాతం మందికి ఆ ప్రొటీన్ సగం పనిచేయకుండా చేసే జన్యు మార్పు ఉందని వాళ్ళు 2005లో చెప్పారు. 2006లో ఇంకో అధ్యయనంలోని 3,363 మంది నల్లవాళ్ళ పదిహేనేళ్ళ లెక్కలు బయటపెట్టారు. ఆ మార్పు ఉన్న 2.6 శాతం మందిలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ. గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. వాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళున్నారు, సిగరెట్ తాగేవాళ్ళున్నారు, షుగరు ఉన్నవాళ్ళున్నారు. అయినా ఇంత తేడా. పుట్టినప్పటి నుంచి ఎల్‌డీఎల్ కాస్త తక్కువగా ఉంటే చాలు, గుండెకు అంత కాపుదల దొరుకుతుందని ప్రపంచానికి తిరుగులేకుండా చూపింది ఆ నల్లవాళ్ళ నెత్తురు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ మార్పు అందుకున్న ఒక నల్లజాతి యువతి కూడా కనిపించింది. ఆమె ఎల్‌డీఎల్ 14. మనలో చాలామందికి 100 దాటుతుంది. ఆమె పూర్తి ఆరోగ్యంగా ఉంది, పిల్లల తల్లి.

ఆ జ్ఞానం నుంచి మందు తయారైంది. 2015లో రెండు ఇంజెక్షన్లు అమ్మకానికి వచ్చాయి. మొదట పెట్టిన ధర ఏడాదికి 14 వేల డాలర్ల పైమాట. తరవాత తగ్గించారు, సగం కన్నా తక్కువకు. అయినా ఆలోచించండి. ఏ పేటల్లోని మనుషులు చెయ్యి చాపి నెత్తురిచ్చారో, ఆ పేటల్లో ఎంతమంది ఆ ధర కట్టగలరు?

దీన్ని నల్లరక్తం గొప్పదనంగా చదవొద్దని విద్యార్థి మిత్రులకు మనవి. నూటికి ఇద్దరిలో ఉన్న జన్యు మార్పు అది, జాతి లక్షణం కాదు. మిగతా తొంభై ఎనిమిది మందికీ ఆ కాపుదల లేదు. రక్తం గొప్పదనం లెక్కలు మనువాదులకు వదిలేద్దాం. మనం తీసుకోవాల్సిన పాఠం వేరు. లెక్కలో చేర్చేదాకా మనిషి ఒళ్ళు ఏం చెప్పగలదో శాస్త్రానికి కూడా తెలియదు. నల్లవాళ్ళను చేర్చారు కాబట్టి అది దొరికింది. చేర్చకపోతే దొరికేది కాదు.

మన దగ్గర? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటికీ వచ్చి కులం అడుగుతుంది. నాలుగో విడత, అంటే 2015-16 నుంచి, బీపీ, షుగరు కూడా కొలిచారు. కొలెస్ట్రాల్ కొలవలేదు. మన పేటల నెత్తుట్లో ఏముందో కొలవని దేశం, మన పళ్ళెంలో ఏముందో మాత్రం అడగకుండానే చెప్పేస్తుంది.

6

పళ్ళెం సంగతి కూడా తేల్చుకుందాం. దాచడానికేమీ లేదు.

గొడ్డు మాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న లంకె గురించి బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో వివరంగా వాదించారు. చచ్చిన గొడ్డును మోయించి, ఆ మాంసం తప్ప మరేమీ మిగల్చకుండా, తిన్నందుకు వెలేశారు. తునకలు ఎండబెట్టి దాచుకోవడం రేపటి ఆకలికి మన అమ్మమ్మలు వేసిన లెక్క. అది తప్పని ఒప్పుకోమంటే ఒప్పుకోను.

ఇక కొలతలు. కొవ్వు తీసిన గొడ్డు మాంసంలోనూ, చర్మం తీసిన కోడిమాంసంలోనూ ఉండే కొలెస్ట్రాల్‌కు పెద్ద తేడా లేదు. నూరు గ్రాములకు దాదాపు 60 నుంచి 90 మిల్లీగ్రాములు. అదే నూరు గ్రాముల నెయ్యిలో 250 దాకా ఉంటుంది, పైగా నెయ్యిలో సగానికి మించి సంతృప్త కొవ్వు. మనిషి నూరు గ్రాముల నెయ్యి ఒక్కసారి తినడు, నిజమే. కానీ నెయ్యి తినేవాళ్ళకు గుండెపోటు వస్తే "మీ వాళ్ళంతా ఇంతే" అని ఏ డాక్టరూ పేట పేరు చూసి అనడు. వాళ్ళకు జబ్బు వస్తుంది. మనకు మాత్రం శిక్ష పడుతుంది.

ఇంకో చరిత్ర చూడండి. 1930ల చివర్లో డాల్డా వచ్చింది. మొక్కల నూనెను హైడ్రోజన్‌తో గడ్డకట్టించిన వనస్పతి. నెయ్యి కొనలేనివాళ్ళ నెయ్యి. మన పెళ్ళిళ్ళ వంటలన్నీ దానితోనే నడిచాయి. అది మొక్క నుంచి వచ్చింది, అందులో కొలెస్ట్రాల్ లేదు, పూర్తి శాకాహారం. కానీ అలా గడ్డకట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుందని, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. నూనెలూ కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని మన దేశంలో హద్దు వచ్చింది 2022లో. పేదల పళ్ళేల్లో అది దశాబ్దాలు తిరిగాక. శాకాహారం శుద్ధం, మాంసాహారం మైల అన్న లెక్క వంటింట్లోనే తప్పిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రేషన్‌లో ఇచ్చిన పామాయిల్‌లోనూ కొలెస్ట్రాల్ లేదు. కానీ దానిలో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వు. మొక్కల నూనె ప్యాకెట్ల మీద "జీరో కొలెస్ట్రాల్" అని పెద్ద అక్షరాలతో రాస్తారే, దాన్ని పట్టించుకోకండి. ఏ మొక్క నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు. వెనక తిప్పి సంతృప్త కొవ్వు ఎంతో చదవండి.

మన వైపు నిజం కూడా చెప్పుకోవాలి. కొవ్వు ముక్కలు ఏరి వేసి పామాయిల్‌లో వేయించిన కూర, అది ఏ జంతువుదైనా, రోజూ తింటే ఎల్‌డీఎల్ పెంచుతుంది. కార్జంలో, భేజాలో కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. బీడీ, ఖైనీ గుండెకు చేసే చెరుపు చిన్నది కాదు. తిండి హక్కు కోసం కొట్లాడిన నోటితోనే ఈ మాట కూడా చెప్పాలి. హక్కు అంటే తినగలగడం. ఏం, ఎంత తినాలో తెలుసుకుని నిర్ణయించుకోవడం కూడా అందులో భాగమే.

7

ఇంకో లెక్క చెప్పి ముగిస్తాను. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే వయసు మిగతా ప్రపంచం కన్నా అయిదారేళ్ళు ముందు. 53 దగ్గర. మా నాయనకు 52.

నాన్నకో అన్నకో 55 ఏళ్ళ లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే మీ వయసు ఇరవై అయినా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. చిన్న రక్తపరీక్ష. చీటీలో ఎల్‌డీఎల్ అన్న వరస చూడండి. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకు స్టాటిన్ ఒక వారం మందు కాదు. సాధారణంగా జీవితాంతం వేసుకోవాల్సింది. నొప్పులో నీరసమో వస్తే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి, మనంతట మనం ఆపకూడదు. ఖరీదు ఎక్కువేమో అన్న భయం అక్కర్లేదు. అటోర్వాస్టాటిన్ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. స్టాటిన్లను హైదరాబాద్ చుట్టుపక్కలి ఫ్యాక్టరీలే తయారు చేసి ప్రపంచానికి పంపుతున్నాయి. ఆ ఫ్యాక్టరీల్లో పని చేసేది కూడా మనవాళ్ళే.

కిందటి ఏడాది నేనూ తమ్ముడూ పరీక్ష చేయించుకున్నాం. నాది 171, వాడిది 194. ఆటో నడుపుతాడు, సన్నగా రివటలా ఉంటాడు. ఒంటి మీద కొవ్వు లేకపోతే నెత్తుట్లో కొలెస్ట్రాల్ ఉండదనుకునేవాళ్ళు వాణ్ణి చూడాలి. ఈసారి చూసిన డాక్టరమ్మ కులం అడగలేదు, కూర అడగలేదు. "నాన్నగారికి ఏ వయసులో వచ్చింది?" అని అడిగింది. మాత్ర ఎందుకో, ఏం చేస్తుందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పది నిమిషాలు పట్టింది. 2013లో మా నాయనకు అందనిది ఆ పది నిమిషాలే.

తమ్ముడు బయటికొచ్చాక అడిగాడు, "అయితే తునకలు మానెయ్యాలా?" అని. నెలకోసారి తిను, కొవ్వు ముక్క తీసేయి, మాత్ర మాత్రం రోజూ వేసుకో అన్నాను. ఇప్పుడు అమ్మ రాత్రి అన్నం పెట్టేటప్పుడే ఇద్దరినీ అడుగుతుంది, మాత్ర వేసుకున్నారా అని. తునకలు మళ్ళీ తీగ మీదకొచ్చాయి.

అంబేద్కర్ విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక మాట. బాబాసాహెబ్ ఏళ్ళ తరబడి షుగరు జబ్బుతో పోరాడుతూ 65 ఏళ్ళకే మనల్ని విడిచిపోయారు. ప్రతి ఏప్రిల్ 14న ఆయన పేరు మీద రక్తదాన శిబిరాలు పెడుతున్నాం. మంచి పని, ఆపొద్దు. వచ్చే ఏప్రిల్‌లో పక్కన ఇంకో బల్ల వేయండి. పేటలో నలభై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూసే బల్ల. వచ్చిన అంకెల్ని ఒక పుస్తకంలో రాసి ఉంచండి. మాత్ర వేసుకోవాల్సినవాళ్ళ ఇంటికి నెలకోసారి ఎవరో ఒకరు వెళ్ళి అట్ట చూడండి. నేను మా ఇంట్లో చూడలేదు.

వచ్చే భాగం ఉప్పు గురించి: బీపీ, పచ్చళ్ళు, ఉప్పు సత్యాగ్రహం.

జై భీమ్.